అనుకోనివి: పద్దెనిమిది శాతం

ఫిబ్రవరి. సముద్రం వైపు కిటికీకి ఉప్పు పేరుకుంది.
అలలకీ మాకూ మధ్య నల్లపైన్ చెట్ల వరస ఒక్కటే.
దాని వెనక, ఉంగరంలా వంగిన సొరంగంలో
ప్రోటాన్లు ఇవాళ పరిగెత్తడం లేదు.
కరెంటు ధర పెరిగింది.
ఏడాదికి తొంభై రోజులన్న బీమ్‌ని
అరవై రెండుకి కోశారు.

నా ముందు పట్టిక. నూట పద్నాలుగు వరసలు.
అయస్కాంతం పాతదే, వేరే ప్రయోగం వాడి వదిలేసింది;
రంగు వేయించి, క్రేన్ అద్దె కట్టి తెచ్చుకుంటే చాలు.
క్రేన్ అద్దెలో సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టాను.
హీలియం, ఈథేన్,
ఈథేన్ లీకయితే మొత్తుకునే పెట్టెలు.
కేబుళ్లు పదకొండు కిలోమీటర్లు.
కేబుళ్లు ఎప్పుడూ తక్కువే రాస్తాం. ఎప్పుడూ.

అరవై మూడో వరస:
బంగారు పూత పూసిన టంగ్‌స్టన్ తీగ,
వెంట్రుకలో మూడో వంతు మందం.
ఐదు వేల ఆరు వందల తీగలు,
ఒక్కోటీ యాభై గ్రాముల బిగువు మీద నిలవాలి.
తగ్గితే వేలాడుతుంది, పెరిగితే తెగుతుంది.
యంత్రంతో లాగిస్తే ఇంత, మనుషులతో అయితే ఇంత.
నిజం చెప్పాలంటే యంత్రం వైపే మొగ్గాను,
నెమోతో హత్సుఎ వచ్చేదాకా.

డెబ్భై ఒకటేళ్లు. యూకిలో నేల మగ్గం మీద
నడుముతో పడుగు బిగించి
నలభై ఏళ్లు పట్టు నేసిన మనిషి.
మా నమూనా చట్రం ముందు కూర్చుని
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
తీగని చిటికెన వేలితో మీటింది.
"ఇది వదులు."
కొలిచాం. నలభై ఆరు.
"ఇదీ."
నలభై ఏడున్నర.
మూడోది మీటి ఏమీ అనలేదు.
యాభై.

గంటకి ఎంత తీసుకుంటారని అడిగాను.
"మధ్యాహ్నం టీ మీదేనా?" అంది.
నా పట్టికలో టీకి వరస లేదు.
పెట్టాను. నూట పదిహేనోది.

కమిటీ టోక్యోలో, తొమ్మిదో అంతస్తు,
హీటరు మరీ పెంచేసిన గది.
ఒతాకా గారి చేతిలో రబ్బరు లేని పెన్సిల్.
"ఇంత ఇనుము, ఇంత కరెంటు, ఇన్నేళ్లు.
కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు కాదూ?"
మా షిదా ప్రొఫెసర్ మొహమాటంగా నవ్వాడు.
"ఎలుక దొరికితే మాకు పండగేనండీ.
వెయ్యి కోట్ల కేయాన్లు విరిగితే
ఒక్కసారి, ఒక ముక్క మాత్రమే కనబడుతుంది.
మిగతాది ఎటు పోయిందో, అసలు పోయిందో లేదో,
అది చూడటానికే ఇదంతా."
ఎవరో దగ్గారు. పెన్సిల్ కిందికి దిగింది,
ఆఖరి లెక్క దగ్గర ఆగింది.
అనుకోనివి: పద్దెనిమిది శాతం.
"అనుకోనివాటిని
ఇంత కచ్చితంగా ఎలా అనుకున్నారు?"

నోట మాట రాలేదు.
జవాబులన్నీ తిరుగు రైల్లో వచ్చాయి.
నిరుడు పంపు పగిలి మూడు వారాలు నీళ్లు తోడాం,
అది ఏ వరస? భూమి ఊగిన మార్చిలో
పార్కింగు స్థలం దుప్పటిలా ముడతలు పడింది,
అది?
అప్పటికే తొమ్మిది చేసేశారు.

జోబాన్ లైన్లో కంప్యూటరు ఒళ్లో పెట్టుకుని
మళ్లీ మొదటి వరస నుంచి దిగాను.
కేబుళ్లు ఈసారి పద్నాలుగు కిలోమీటర్లు రాశాను.
అబద్ధం కాదు. మొదటిసారి నిజం రాశాను, అంతే.
యంత్రం కొట్టేశాను. అక్కడ
చేతులు: పన్నెండు. నెలలు: పది.
కిటికీ బయట లోటస్ మడుగుల మీద చీకటి,
ఎదుటి సీట్లో స్కూలు పిల్లాడు నోరు తెరిచి నిద్ర.

ఇంటికి చేరాక గమనించాను:
ఒతాకా గారి పెన్సిల్ అన్ని పేజీల్లోనూ నడిచింది,
గ్లోవ్స్ దగ్గర కూడా చిన్న ప్రశ్న గుర్తు.
నూట పదిహేను మీద మాత్రం గీత లేదు, చుక్క లేదు.
ఏడాదికి ముప్ఫై ఆరు వేల యెన్లు
అంత పట్టికలోంచి
ఏ గుర్తూ వదలకుండా దాటిపోయాయి.